ఎనిమిదో గడిలో ప్యాదా

ప్యాదా అన్న మాట మా శ్రీకాకుళం, విజయనగరం వైపు రెండు చోట్ల వినబడేది. ఒకటి చదరంగం దగ్గర. రెండోది కచేరీ దగ్గర. శిస్తు బకాయి పడ్డ రైతు గుమ్మం ముందుకొచ్చి నిలబడే జమీందారీ బంట్రోతు కూడా ప్యాదాయే. ఫారసీలో ఆ మాటకి అర్థం కాలినడకన పోయేవాడు. సంస్కృతంలోని పదాతికి దగ్గర చుట్టం. గుర్రం లేదు, పల్లకీ లేదు, కాళ్ళే ఉన్నాయి. తెలుగులో బంటు అన్నా అంతే.

చదరంగంలో రాజు చివరిదాకా రాజే. గుర్రం చచ్చినా గుర్రంగానే చస్తుంది. పుట్టినప్పుడొకటీ, పోయేనాటికొకటీ కాగలిగింది ప్యాదా ఒక్కటే. ఒక్కొక్క గడే నడుస్తూ, వెనక్కి తిరగడానికి వీల్లేకుండా, ఎనిమిదో గడికి చేరితే అది మరొక పావు అవుతుంది. ఏ పావు? ఈ ప్రశ్నకి ఒక్కో కాలం ఒక్కో జవాబు చెప్పింది. ఆటల పుస్తకాలు దీన్ని చిన్న నిబంధనగా చూసి వదిలేస్తాయి. మేం అలా వదలదల్చుకోలేదు. ఎందుకంటే, కాలినడక మనిషి ఎంతదాకా ఎదగవచ్చో ఆ కాలం ఏమనుకున్నదీ ఆ నిబంధనలో కనబడుతుంది. పైగా మేం ప్యాదాల సంతానం.

ఈ చివరి మాట కొంచెం వివరించాలి. శ్రీకాకుళం జామియా మసీదు 1641 నాటిది. కట్టించినవాడు కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్. ఆ ఒక్క పేరు పట్టుకుని రెండు రకాల వాళ్ళు మాతో మాట్లాడతారు. 'మీరు ఏలినవాళ్ళు, ఇప్పుడు అనుభవించండి' అనేవాళ్ళు ఒకరు. 'మనం ఏలినవాళ్ళం, ఇప్పుడిలా అయిపోయాం' అని నిట్టూర్చే మనవాళ్ళు ఇంకొకరు. ఇద్దరూ చెప్పేది ఒకటే కథ. ఒక ఫౌజుదారు రావాలంటే వెనక ఎంతమంది నడిచి రావాలి? గుర్రాలకి నాడాలు కొట్టినవాళ్ళు, గుడారాలు మోసినవాళ్ళు, దూది ఏకినవాళ్ళు, తోలు ఊనినవాళ్ళు, ఇక్కడే పుట్టి ఇక్కడే కలిమా చదివినవాళ్ళు. వాళ్ళ పేర్లు ఏ శాసనంలోనూ లేవు. 2011 జనాభా లెక్కల్లో ఈ రెండు జిల్లాల్లో మేం నూటికి ఒక్కరం కూడా లేం. ఉన్నవాళ్ళలో షేర్ మహమ్మద్ ఖాన్ మనవలెవరో వెతకడం కంటే ఆయన సైన్యంలో నడిచిన కాళ్ళెవరివో వెతకడమే న్యాయం.

ఆ కాళ్ళకి ఈ నేల మీద పని బాగానే దొరికింది. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీదికి బుస్సీ సైన్యం వెళ్ళినప్పుడు, వెంట విజయనగరం రాజు విజయరామరాజు ఉన్నాడు, బుస్సీ దివాను హైదర్ జంగ్ ఉన్నాడు. బుర్రకథల్లో వీళ్ళున్నారు, తాండ్ర పాపారాయుడున్నాడు. సిపాయిలు మాత్రం వంతపాటలో కూడా లేరు. బుస్సీ కవాతు నేర్పిన వాళ్ళలోంచి ఇబ్రహీం ఖాన్ గార్దీ ఒకడు పైకి లేచి, నిజాం అలీ దగ్గరా ఆ పైన పేష్వా దగ్గరా ఫిరంగులకీ పదాతి దళానికీ సర్దారయ్యాడు. 1761లో పానిపట్టులో మరాఠాల తరఫున నిలబడి, పట్టుబడి, చంపబడ్డాడు. అలాంటివాడు వేలల్లో ఒక్కడు.

తర్వాత కంపెనీ వచ్చింది. సర్కారు జిల్లాల్లో సిపాయి దళాలు కట్టింది. విజయనగరంలో కంటోన్మెంటు వెలిసింది. కంపెనీ పదాతి దళంలో మెట్లు ఎంత చక్కగా ఉండేవో చూడండి. సిపాయి, నాయకు, హవల్దారు, జమాదారు, సుబేదారు. అంతే, అక్కడ గోడ. ముప్ఫై ఏళ్ళు నడిచి సుబేదారు అయినవాడు, నిన్న ఓడ దిగిన మీసం రాని ఇంగ్లీషు ఎన్‌సైన్‌కి సలాం కొట్టాలి. భారతీయుడికి రాజు గారి కమిషన్ ఇవ్వవచ్చని 1917లో గాని తేల్చలేదు. 1780లో విశాఖపట్నంలో సర్కారు సిపాయిలు హైదరాలీ మీద యుద్ధానికి మద్రాసు ఓడ ఎక్కమంటే ఎక్కం అని తిరగబడ్డారు. గురజాడ 'కన్యాశుల్కం'లో సారా దుకాణం దగ్గర కనబడే హవల్దారు ఆ మెట్ల మీదనుంచి దిగివచ్చిన మనిషే.

ఆ మెట్లు, ఆ గోడ, అచ్చంగా పాత షత్రంజ్ నిబంధన. ఇప్పుడు ఆటలోకి పోదాం.

ముందు పేర్ల చిక్కు ఒకటి తీర్చుకోవాలి. రెండు భాషల ఇళ్ళలో పెరిగిన వాళ్ళకి ఇది తెలిసిందే. ఇంట్లో ఉర్దూలో ఫీల్ అంటే ఏనుగు, అది రాజుకీ వజీరుకీ పక్కన నిలబడుతుంది. బయట తెలుగు పిల్లలతో ఆడితే ఏనుగు మూలన ఉంటుంది, మన ఫీల్ వాళ్ళకి శకటు! ఒకే బల్ల మీద రెండు ఏనుగులు. ఈ వ్యాసం మట్టుకు మూలనున్నదాన్ని రుఖ్ అంటాం, శకటుని ఫీల్ అంటాం, మంత్రిని వజీరు అంటాం. గుర్రం గుర్రమే.

చతురంగం మన దేశంనుంచి ఇరాన్ వెళ్ళి చత్రంగ్ అయింది. అరబ్బుల చేతిలో షత్రంజ్ అయింది. అరబ్బులు దాన్ని శాస్త్రం చేశారు. తొమ్మిదో శతాబ్దంలో అల్ అద్లీ, పదో శతాబ్దంలో అస్ సూలీ ఆట చివరి ఘట్టాలని విడదీసి కల్పించి, 'ఇక్కడినుంచి గెలువు చూద్దాం' అని సవాళ్ళు రాశారు. వాటిని మన్సూబాలు అన్నారు. ఇవాళ ప్రపంచమంతా చేసే ఎండ్‌గేమ్ కల్పనలకి పూర్వీకులు అవే.

ఆ షత్రంజ్‌లో ఎనిమిదో గడికి చేరిన ప్యాదాకి ఎంపిక లేదు. అది ఫర్జీ అవుతుంది, అంతే. ఫర్జీ అంటే రాజు పక్కనుండే సలహాదారు. పేరు గొప్పేగాని చేతిలో ఏం లేదు. ఏటవాలుగా ఒక్క గడి కదలడమే దాని బలం. ఆనాటి లెక్కల్లో రుఖ్ విలువ రూపాయి అనుకుంటే ఫర్జీ విలువ సుమారు మూడో వంతు. ప్రాణాలకు తెగించి నడిచి వచ్చినవాడికి దక్కేది సుబేదారీ! అబ్దుర్ రహీం ఖాన్‌ఖానా తన దోహా ఒకదానిలో ప్యాదానుంచి ఫర్జీ అయినవాడి వంకర నడక మీద చురక వేశాడు. నిన్నటిదాకా తిన్నగా నడిచినవాడు పదవి రాగానే ఏటవాలుగా నడుస్తాడన్నది ఆట నిబంధనే, కవి కల్పించింది కాదు. అక్బరు దర్బారులో ఖాన్‌ఖానాగా ఉన్న మనిషి ప్యాదా మీద వేసిన హాస్యం అది. ప్యాదా ఎవరి మీదైనా హాస్యం రాస్తే ఎలా ఉండేదో!

అస్ సూలీ కల్పించిన మన్సూబాల్లో ఒకదానిలో రెండువైపులా రాజు, ఫర్జీ తప్ప ఇంకేం లేవు. ఆ అల్పబలాలతోనే గెలుపు ఉందన్నాడు. దారేదో వెయ్యేళ్ళ పాటు ఎవరికీ తోచలేదు. ఇరవయ్యో శతాబ్దం చివర్లో సోవియట్ గ్రాండ్ మాస్టర్ యూరీ అవెర్బాఖ్ తేల్చాడు.

మన దేశంలో నిబంధన వేరుగా పెరిగింది. ప్యాదా ఏ పావు వరసలో ఎనిమిదో గడికి చేరితే ఆ పావు అవుతుంది. రుఖ్ వరసలో చేరితే రుఖ్. గుర్రం వరసలో చేరితే గుర్రం. రాజు వరసలో చేరితే రాజు కాలేదు కనుక వజీరు. చాలా చోట్ల ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఆ పావు అప్పటికే చచ్చి ఉండాలి. చావకపోతే ప్యాదా ఏడో గడిలోనే నిలబడి కనిపెట్టుకుని ఉండాలి. కొన్నిచోట్ల గుర్రమైన ప్యాదాకి వెంటనే అదనంగా ఒక గెంతు ఇచ్చేవారు. ఐరోపా ఆటలో అరుదైన వింతగా చెప్పుకునే సంగతి, అంటే ప్యాదా వజీరు కాకుండా గుర్రమో రుఖ్‌ఖో కావడం, మన అరుగుల మీద రోజూ జరిగేది. అక్కడ అది ఆటగాడి ఎంపిక, ఇక్కడ వరస రాత.

ఈ నిబంధన చదివినప్పుడు మాకు కులం గుర్తొస్తే తప్పు పట్టకండి. ఏ వరసలో ఉంటే ఆ పావు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనుకబడిన ముస్లిం వర్గాలకి నాలుగు శాతం కోటా ఇస్తూ చేసిన చట్టంలో జాబితా చూడండి. అచ్చుకట్లవాళ్ళు, అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, ఫకీర్లు, గారడీ ముస్లింలు, హజాములు, ఖురేషీలు... నవాబుల కథ చెప్పేవాళ్ళు ఒకసారి ఈ జాబితా బిగ్గరగా చదవాలి. సయ్యదులు, మొఘళ్ళు, పఠాన్లు అందులో లేరు. వరసల్ని పేరుపెట్టి ఒప్పుకున్న కాగితం అది. కాకపోతే ఒక్క తేడా ఉంది. ఆటలో వరస మార్చడానికి ప్యాదాకి ఒక దారుంది, ఎదుటి పావుని చంపి ఏటవాలుగా పక్క వరసలోకి పోవచ్చు. బతుకులో ఆ దారి కూడా లేదు.

మన దేశపు ఆట పుస్తకాల చరిత్ర కూడా మతాల గళ్ళలో ఇమడదు. తిరువెంగడాచార్య శాస్త్రి సంస్కృతంలో కూర్చిన ఆట చివరి సమస్యలు 1814లో బొంబాయిలో ఇంగ్లీషులో అచ్చయ్యాయి. మద్రాసులో 1829లో అచ్చయిన పుస్తకం మీద రెండు పేర్లున్నాయి. ఒకటి సివిల్ సర్వీసు దొర జేమ్స్ కోక్రేన్‌ది. రెండోది మద్రాసు గులాం ఖాసింది. మద్రాసుకీ హైదరాబాదుకీ జరిగిన రెండాటల పోటీ, ఒక ఎత్తుగడ మీద విశ్లేషణ అందులో ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం అప్పుడు మద్రాసు రాజధాని కిందే ఉన్నాయి. ఆటని మొదలుపెట్టే ఒక పద్ధతికి నేటికీ గులాం ఖాసిం గాంబిట్ అనే పేరుంది. కంపెనీ పాలనలో ఒక ముస్లిం పేరు దొరతో సమానంగా అట్ట మీదికి ఎక్కిందంటే, ఆ అట్ట చదరంగం పుస్తకానిది కావలసి వచ్చింది. ఇక 1901లో ఢిల్లీలో ఉర్దూలో 'ముఅల్లిమ్ ఉష్ షత్రంజ్' రాసినవారి పేరు లాలా రాజా బాబు. ఉర్దూ ఎవరిదో తేల్చేసేవాళ్ళు ఆ పేరు గుర్తుంచుకోవాలి.

ఐరోపా సంగతి. పదిహేనో శతాబ్దం చివర స్పెయిన్ ప్రాంతంలో ఫర్జీ రాణి అయింది. ఒక్క గడి పాకేది కాస్తా బల్లంతా ఏలే పావు అయింది. దాంతో ప్యాదా విలువ అమాంతం పెరిగింది. ఒక రాణి బతికుండగా రెండో రాణి ఎలాగని అక్కడి పెద్దలకి గుంజాటన! ఫ్రాన్సులో ఫిలిడోర్ లాంటి మహా ఆటగాడు కూడా చచ్చిన పావుల్లోంచే తీసుకోవాలన్నాడు. అంటే మన ఏడో గడి నిరీక్షణలాంటిదే. అదే కాలంలో సిరియాలోని అలెప్పో నుంచి వెళ్ళిన ఫిలిప్ స్టమ్మా 1737లో పారిస్‌లో నూరు చివరి ఘట్టాలతో పుస్తకం వేశాడు. మన్సూబా సంప్రదాయం ఆ అరబ్బు చేతిమీదుగా కొత్త ఆటలోకి నడిచింది.

ఇంకో నిబంధన కూడా స్థిరపడాల్సి వచ్చింది. ఉర్దూలో జిచ్ అంటాం. రాజుకి షహ్ లేదు, కాని కదలడానికి ఒక్క గడీ లేదు, వేరే పావూ లేదు. పాత షత్రంజ్‌లో అలా బిగించినవాడిదే గెలుపు. ఇంగ్లండులో చాలాకాలం తలకిందులుగా, బిగించినవాడు ఓడినట్టు లెక్క. పంతొమ్మిదో శతాబ్దంలో అది సమానం అని ఖాయమైంది. ఈ రెండూ కుదిరాకనే, అంటే రాణికి మహాబలం వచ్చాక, జిచ్ సమానం అయ్యాక, ప్యాదా వజీరు కావడం ఒక్కోసారి నష్టం అయ్యే స్థితి పుట్టింది. అస్ సూలీ ఎంత గొప్పవాడైనా దీన్ని కల్పించలేడు. ఆయన చట్టంలో ఆ సందు లేదు.

ఆ సందులో అందరికంటే పేరు పొందింది 1895 నాటి ఘట్టం. గ్లాస్గోలో ఒక వారపత్రికలో చదరంగం శీర్షిక నడిపే బార్బియే ఒక స్థితి వేసి, ఇది సమానం అని దారి చూపించాడు. ఆ ఊళ్ళోనే ఉన్న స్పెయిన్ దేశపు క్రైస్తవ సన్యాసి ఫెర్నాండో సావెద్రా, కాదు, తెల్లవాళ్ళదే గెలుపు అన్నాడు. తర్వాత పుస్తకాలకెక్కిన రూపంలో బల్ల మీద నాలుగే పావులు. తెల్లరాజు బి6లో, తెల్ల ప్యాదా సి6లో, నల్లరాజు మూలన ఎ1లో, నల్ల రుఖ్ డి5లో. ఎత్తు తెల్లవాళ్ళది. ఇంట్లో బల్ల ఉంటే పేర్చుకోండి.

ప్యాదా సి7కి నడుస్తుంది. రుఖ్ డి6నుంచి షహ్ అంటుంది. రాజు ప్యాదా వరసలోకి పోతే రుఖ్ కిందికి దిగి ఆ వరసనే వెనకనుంచి పట్టుకుంటుంది. బి7కి పోతే రుఖ్ డి7కి వచ్చి ప్యాదాని కట్టిపడేస్తుంది. అందుకని రాజు బి వరసలోనే ఒక్కొక్క మెట్టూ దిగుతాడు. బి5, బి4, బి3. ప్రతి మెట్టుకీ రుఖ్ కూడా దిగుతూ షహ్ అంటూనే ఉంటుంది. చివరికి రాజు సి2కి తప్పుకుంటాడు. ఇక షహ్‌లు లేవు. ప్యాదాని ఆపే దారీ కనబడదు. అప్పుడు నల్ల రుఖ్ నిమ్మళంగా డి4కి వెళ్ళి కూర్చుంటుంది. అందులో ఉంది ఉరి. ప్యాదా సి8లో వజీరైతే, రుఖ్ సి4కి వచ్చి షహ్ అంటుంది. వజీరు దాన్ని చంపక తప్పదు. చంపిన మరుక్షణం మూలనున్న నల్లరాజుకి కదలడానికి గడి లేదు. జిచ్. ఆట సమానం. బార్బియే చూపించిన దారి ఇదే.

సావెద్రా ఏమన్నాడంటే, వజీరు కావద్దు, రుఖ్ కమ్మన్నాడు! రుఖ్ అయితే సి4 దగ్గర చంపినా నల్లరాజుకి ఎ2 గడి మిగులుతుంది, జిచ్ కాదు. పైగా ఆ కొత్త రుఖ్ ఎ8కి పోయి మాత్ చేస్తానని అప్పటికే బెదిరిస్తోంది. దాన్ని ఆపడానికి నల్ల రుఖ్ ఎ4కి పోవాలి. తెల్లరాజు బి3కి ఒక్క అడుగు వేస్తాడు. ఒకవైపు రుఖ్ మీద దెబ్బ, ఇంకోవైపు సి1 దగ్గర మాత్. రెండూ కాయలేక నల్లవాళ్ళు ఓడతారు. సావెద్రా ఆటగాడుగా చెప్పుకోదగ్గవాడేం కాదు. ఆ ఒక్క ఎత్తు వల్లనే ఇవాళ్టికీ ఆయన పేరు నిలిచింది.

దీని గుట్టు చిన్నది. వజీరులో రుఖ్ నడక ఉంది, ఫీల్ నడక ఉంది. కనుక బలం కోసం ఎవరూ రుఖ్‌నీ ఫీల్‌నీ కోరుకోరు. వాటిని కోరుకునేది బలం తగ్గించుకోవడానికే, ఎదుటివాడికి ఊపిరి తీసే గడి ఒకటి మిగల్చడానికే. గుర్రం సంగతి వేరు. గుర్రపు గెంతు వజీరుకి రాదు. అందుకే గుర్రం కావడం మామూలు ఆటల్లో కూడా తటస్థపడుతుంది. లాస్కర్ పేరున్న ఒక ఉచ్చులో నల్ల ప్యాదా ఏడో ఎత్తుకే గుర్రమై షహ్ అంటుంది. కల్పనలో ఈ విద్యని చాలా దూరం తీసుకెళ్ళినవాడు రష్యాలో అడవుల శాఖ ఉద్యోగి అలెక్సీ ట్రోయిట్స్కీ. ఆయన 1942లో లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో ఆకలితో చనిపోయాడు. అన్నిటికంటే వింత 1862 నాటి బ్రిటిష్ చెస్ అసోసియేషన్ నిబంధన. ఎనిమిదో గడికి చేరిన ప్యాదా ఇష్టమైతే ప్యాదాగానే ఉండిపోవచ్చని అందులో ఉంది. స్టైనిట్జ్ దాన్ని సమర్థించాడు కూడా. తర్వాత ఎత్తేశారు. మాకు మాత్రం ఆ నిబంధన మీద కొంచెం మమకారం ఉంది. ఏమీ కాకుండా, అక్కడిదాకా వచ్చినవాడిగా అక్కడే నిలబడే హక్కు!

ఇంతా చెప్పి మీర్ సుల్తాన్ ఖాన్ పేరెత్తకపోతే పాపం తగులుతుంది. పంజాబు మనిషి. తండ్రి దగ్గర మన దేశపు నిబంధనలతో ఆట నేర్చాడు. ఐరోపా నిబంధనలు పెద్దయ్యాకగాని తెలియవు. జమీందారు సర్ ఉమర్ హయాత్ ఖాన్ తివానా వెంట ఇంగ్లండు వెళ్ళి 1929లో, 1932లో, 1933లో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1930-31 హేస్టింగ్స్ పోటీలో కాపాబ్లాంకాని ఓడించాడు. ఇంగ్లీషు పుస్తకాలు ఆయన్ని తివానా నౌకరుగానే రాశాయి. ఆ మాట తప్పని ఆయన కుటుంబీకులు ఈమధ్య గట్టిగా వాదిస్తున్నారు. నౌకరైతే మాత్రం ఏం తక్కువ అని మేం అడుగుతాం. అదే ఇంటినుంచి వెళ్ళిన ఫాతిమా 1933లోనే బ్రిటిష్ మహిళల ఛాంపియన్ అయింది. ఆమె గురించి పుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాలకి మించి వెతుక్కోవాల్సిందే. సుల్తాన్ ఖాన్ ఆ ఏడాది చివర దేశానికి తిరిగొచ్చి, 1966లో పాకిస్తాన్‌లో చనిపోయాడు. ప్రపంచ చదరంగ సమాఖ్య ఆయనకి గౌరవ గ్రాండ్ మాస్టర్ బిరుదు ఇచ్చింది 2024లో. ఏడో గడిలో నిలబడ్డది తొంభై ఏళ్ళు.

సత్యజిత్ రాయ్ 1977లో తీసిన 'షత్రంజ్ కే ఖిలాడీ'లో మున్షీ నందలాల్ వచ్చి మీర్‌కీ మీర్జాకీ ఇంగ్లీషు నిబంధనలు చెబుతాడు. అవధ్ పోతోంది, ఆట మారుతోంది. మా వైపు ఆ మార్పు చాలా ఆలస్యంగా, బళ్ళలో పోటీల ద్వారా వచ్చింది. ఇప్పుడు విజయనగరంలో పిల్లలు నేర్చుకునేది ఫిడె నిబంధనలే. మంచిదే. ప్యాదాకి ఎంపిక ఉన్న ఆట అది. కాని వరస నిబంధనలో ఊరూరికీ తేడాలుండేవి, అవి కాగితం మీదికి ఎక్కలేదు. మీ ఇంట్లో ఆ ఆట ఆడినవాళ్ళు, సాయిబులైనా కాకపోయినా, ఇంకా ఉంటే అడగండి. గుర్రమైన ప్యాదాకి గెంతు ఇచ్చేవారా? పావు చావకపోతే ఏడో గడిలో ఎన్ని ఎత్తులైనా ఆగేవారా? రాజు వరసలో చేరినదాన్ని ఏమని పిలిచేవారు? వాళ్ళు చెప్పిన మాటల్లోనే రాసిపెట్టండి.